సోషియాలజీ సైన్సేనా? ఉదయగిరి వైపు ఒక టీ అంగడిలో చూసింది చెబుతాను

"ల్యాబ్ లేదు, ఫార్ములా లేదు, రేపు ఏం జరుగుతుందో చెప్పలేదు, అలాంటప్పుడు సోషియాలజీని సైన్స్ అని ఎలా అంటారు?" అని అడిగారు. బీటెక్ చదివే మీ బావమరిది అది కామన్ సెన్స్‌కి ఇచ్చే డిగ్రీ అని నవ్వుతున్నాడని, మీరేమో సివిల్స్‌కి దాన్నే ఆప్షనల్‌గా తీసుకుందామా అని ఊగిసలాడుతున్నారని కూడా రాశారు.

ఈ ప్రశ్న ఎక్కడ కనబడినా నాకు ఒళ్లు మండుతుంది. మీ మీద కాదు లెండి. మీ బావమరిది లాంటివాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. మా వైపు పదో తరగతిలో కాస్త మార్కులొచ్చిన పిల్లాణ్ని ఎంపీసీలోనో బైపీసీలోనో వెయ్యకపోతే తల్లిదండ్రులు ఏదో నేరం చేసినట్టే చూస్తారు. నేను హెచ్ఈసీ తీసుకుని, ఆపైన ఎం.ఏ. సోషియాలజీ చేసి, సర్వేల పనిలో పడ్డాను. పెళ్లిళ్లలో కనబడితే మా బాబాయి ఇప్పటికీ "ఇంతకీ ఆ చదువులో ఏం చెప్తార్రా?" అని పదిమంది ముందు అడుగుతాడు. ఆయన ఇంజనీరు. ఇంటికి ఈశాన్యంలో బోరు వెయ్యాలని పక్కింటాయనతో గొడవపడి వేయించాడు, నీళ్లు పడలేదు. సైన్స్ గురించి నాకు క్లాసు పీకేది ఈయన.

సరే, జవాబు: సైన్సే. అన్ని పుస్తకాలూ కాదు, అందరు ప్రొఫెసర్లూ కాదు, పని చేసే పద్ధతి మాత్రం సైన్సే. సోషియాలజీ అనే పేరుని ప్రచారంలోకి తెచ్చిన ఫ్రెంచ్ తత్వవేత్త ఆగస్ట్ కోంత్ దాన్ని మొదట సోషల్ ఫిజిక్స్ అన్నాడు. ఫిజిక్స్‌కి దొరికినట్టే సమాజానికీ సూత్రాలు దొరుకుతాయని ఆశపడ్డాడు పాపం. దొరకలేదు. ఆయన ఆశపడ్డాడు కదా అని ఆ బాకీ మేం తీర్చాల్సిన పనేం లేదు. ఒక మాట చెప్పినవాణ్ని "అది తప్పు" అని పట్టుకోడానికి అవతలివాడికి దారి ఉందా లేదా, నేను చూసేది అదొక్కటే. దారి ఉంటే సైన్స్, లేకపోతే ఎన్ని ఫార్ములాలు రాసినా కాదు.

ఎమ్మే అయిన కొత్తలో ఒక సర్వేకి ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా ఉదయగిరి వైపు పోయాం. ఊరి పేరు చెప్పను. మెట్ట ఊరు, వాన పడితే పైరు, లేకపోతే వలస. మా షెడ్యూల్‌లో, అంటే ప్రశ్నల ఫారంలో, ఒక ప్రశ్న ఉంది: మీ ఊళ్లో హోటళ్లలో, టీ అంగళ్లలో ఎస్సీలకు వేరే గ్లాసులు పెడతారా? ఊళ్లో ఎవర్నడిగినా ఒకటే మాట. "అయ్యన్నీ మా తాతల కాలంలో సామీ, ఇప్పుడెవురు చూస్తన్నారు అయ్యన్నీ." ఎస్సీ కాలనీకి పోయి అడిగితే చాలామంది లేదనే అన్నారు. ఒక ముసలామె మాత్రం నవ్వి "మాకు గ్లాసులు యాడుండాయి నాయనా" అంది. ట్యాబ్‌లో అవును, లేదు అని రెండే గడులు. ఆమె చెప్పింది ఎటు చూసినా 'లేదు' కిందికే వస్తుంది. ఆ లెక్కన మన కామన్ సెన్స్ తేల్చేది, ఆ ఊళ్లో అంటరానితనం పోయింది.

సాయంత్రం టీ తాగడానికి కూర్చున్నాం. ఇళ్లు చూపించడానికి కాలనీ కుర్రాడొకడు మాతో తిరుగుతుండేవాడు, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. అందరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. అంగడాయన బకెట్లో ముంచి తీసిన గాజు గ్లాసుల్లో మాకు టీ పోసి, పాత పేపరు కింద బోర్లించి పెట్టిన దొంతరలోంచి ఒక పేపర్ కప్పు లాగి వాడికి పోశాడు. మొహం కూడా ఎత్తలేదు, చెయ్యి దానంతటదే పోయింది. ఆ కప్పు ఎంత పల్చన అంటే వాడు మధ్యలో పట్టుకోలేక రెండు వేళ్లతో అంచు పట్టుకుని ఊదుకుంటూ తాగాడు. రేటు అందరికీ ఒకటే. నేను ఊరి వైపు కులంలో పుట్టినవాణ్ని, నాకు గాజు గ్లాసే వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ కోపం తెచ్చుకోవడం తేలిక. మా సూపర్‌వైజర్ మేడమ్ మాత్రం "ముందే తేల్చెయ్యొద్దు, వేరే కారణం ఉందేమో చూడండి" అంది. చూశాం. అప్పు పెట్టేవాళ్లకి పేపర్ కప్పు ఇస్తున్నాడా? కాదు, మా కుర్రాడికి బాకీ లేదు, ఖాతా ఉన్న ఊరి రైతులేమో గ్లాసుల్లోనే తాగుతున్నారు. బయట నిలబడి తాగేవాళ్లకా? అదీ కాదు, ఆటో దిగకుండా తాగిన ఊరాయన చేతిలోకి గ్లాసే పోయింది, బల్ల మీద మా పక్కన కూర్చున్నవాడికి కప్పొచ్చింది. పేదోళ్లకా, మాసిన బట్టలకా? మా టీమ్‌లో ఒకతనిది ఆ కుర్రాడి కులమే, ఊరు మాత్రం వేరే జిల్లా. ఇద్దరూ ఇంచుమించు ఒకలాంటి చొక్కాలే వేసుకున్నారు. ఆయనకి గ్లాసొచ్చింది, కుర్రాడికి కప్పొచ్చింది. ఒక పూట కాదు, పోయిన ప్రతిసారీ అంతే. అంగడి అదే, టీ అదే, డబ్బులవే. మారింది ఒక్కటే, ఆ మనిషి ఏ వీధివాడో అంగడాయనకు తెలియడం. ఇదే పని గాజు కుప్పెలతో చేస్తే కంట్రోల్డ్ ఎక్స్‌పెరిమెంట్ అని రికార్డులో రాసుకుని మార్కులేస్తారు. టీ గ్లాసులతో చేస్తే కామన్ సెన్స్ అంటారు.

ఆ తర్వాతది ఇంకా బాగుంటుంది. మేం గమనిస్తున్నామని అంగడాయనకి అనుమానమొచ్చింది. మర్నాడు పొద్దున పోయేసరికి గాజు గ్లాసులు మాయం, అందరికీ పేపర్ కప్పులే. రోజూ వచ్చే ఒక పెద్దాయన "ఏందబ్బా, నాకూ కాయితంలో పోశావా" అని విసుక్కున్నాడు. "శుభ్రం కోసం సామీ" అన్నాడు ఈయన, మా వైపు చూస్తా.

మీ బావమరిది ఇక్కడ ఎగిరి పట్టుకుంటాడు, చూశారా, రిపీట్ కాలేదుగా అని. చీమకుర్తి గ్రానైట్ బండకి తనని తూకం వేస్తున్నారని తెలిసి బరువు తగ్గించుకునే తెలివి ఉంటే ఫిజిక్స్ వాళ్లకీ మా అంత కష్టమూ ఉండేది. కొలుస్తున్నప్పుడు మనిషి మారతాడు. చికాగో దగ్గర హాథార్న్ అనే ఫ్యాక్టరీలో 1920ల నుంచి 30ల దాకా ప్రయోగాలు చేశారు. చూస్తున్నారని తెలిసినందువల్లే పనివాళ్ల తీరు మారిందన్న మాట అక్కడినుంచే వచ్చి, ఆ ఫ్యాక్టరీ పేరుతోనే స్థిరపడిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు పాత లెక్కలు తీసి ఆ మాట ఎంతవరకు నిజమని దాన్నీ ఉతికారు. నేను చెప్పే 'పట్టుకోడానికి దారి' అంటే ఇదే.

ఇంకొన్నాళ్లు ఉండి ఇంకో అంగడిలో కూడా చూద్దామనుకున్నాం. కుర్రాడే వద్దన్నాడు. "మీరు బస్సెక్కి పోతారన్నా. నాకు రేపు కూడా ఈడే టీ కావాల." ఈ శాస్త్రానికి ల్యాబ్ ఎందుకు లేదంటే తెలివి లేక కాదు. మేం ప్రయోగం చేసే చోట మనుషులు కాపురం ఉంటారు. మేం వచ్చేశాక దాని ఫలితం వాళ్ల మీద పడుతుంది.

ఒక్క అంగడిని పట్టుకుని దేశం గురించి మాట్లాడతావా అంటారేమో. దానికి పెద్ద సర్వేలున్నాయి. ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే అని 2011-12లో దేశమంతా 42 వేలకు పైగా ఇళ్లు తిరిగారు. మీ ఇంట్లో అంటరానితనం పాటిస్తారా అని అడిగి, లేదన్నవాళ్లని అంతటితో వదల్లేదు. ఎస్సీలు మీ వంటింట్లోకి వచ్చినా, మీ గిన్నెలు వాడినా ఫర్వాలేదా అని రెండో ప్రశ్న వేశారు. రెండూ కలిపి చూస్తే 27 శాతం ఇళ్లు తమ నోటితో తామే పాటిస్తామని ఒప్పుకున్నట్టు తేలింది. ఒప్పుకున్నవాళ్లే అంతమంది. ఆ రెండో ప్రశ్న పెట్టడంలో ఉన్న ఇంజనీరింగ్ మా బాబాయి కట్టించిన ఏ కల్వర్టులోనూ ఉండి ఉండదు.

సర్వేలన్నీ గొప్పవని కూడా అనుకోకండి, నా కడుపుమంట అదే. ఊరికి పోకుండా లాడ్జిలో ఫ్యాను కింద కూర్చుని ఫారాలు నింపేవాళ్లు నాకు తెలుసు. పట్టుకోవడం కష్టం కాదు. నిజంగా ఊళ్లో తిరిగితే ముసలివాళ్ల వయసులు 50, 55, 60, 65 దగ్గర గుంపు కడతాయి. వాళ్లకి సరైన వయసు తెలీదు, గుండుగుత్తగా చెబుతారు. "84 తుఫానుకి మా పెద్దోడు చంకలో ఉండాడు" అంటే దాన్నిబట్టి మనం లెక్క కట్టుకోవాలి. జనాభా లెక్కల్లో ఈ గుంపు కట్టడాన్ని కొలవడానికి విప్పుల్ సూచీ అని ఒకటుంది. లాడ్జి బాపతు ఫారాల్లో ముసలివాళ్ల వయసులు 53, 58, 61 అని ముచ్చటగా పరిచినట్టు ఉంటాయి. పల్లెటూరి లెక్క అంత నీట్‌గా ఉందంటే ఎవరో వండినట్టే. చెప్పాపెట్టకుండా మళ్లీ ఆ ఇంటికి పోయి అడిగితే మిగతాది బయటపడుతుంది.

ఇక రేపు ఏం జరుగుతుందో చెప్పలేదు అన్నారే, దానికి నెల్లూరు జిల్లాలోనే ఉదాహరణ ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి పోయి, వాచకంలో సారా వల్ల చితికిపోయిన ఒక సంసారం కథ చదివి, మన ఊళ్లోనూ ఇదే కదా అని లేచారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. నెల్లూరులో సారా వేలంపాటలే జరగనివ్వలేదు. 1993లో ప్రభుత్వం సారా నిషేధించింది, 1995లో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో ఎత్తేశారు. అక్షరాలు నేర్పితే సారా వేలంపాటలు ఆగుతాయని ఏ సోషియాలజిస్టూ ముందు చెప్పలేదు, నిజమే. ఒంగోలులో 1967లో భూకంపం వచ్చింది, ఫలానా రోజు వస్తుందని ఏ జియాలజిస్టు చెప్పాడు? జియాలజీని సైన్స్ కాదని ఎవరూ అనరే! అయిపోయాక ఎందుకు జరిగిందో ఆధారాలతో చెప్పి, ఇలాంటి పరిస్థితులు ఇంకెక్కడున్నాయో చూపించగలిగితే అది చిన్న పని కాదు. కూలి డబ్బులు నేరుగా సారా అంగడికి పోవడం, ఆడవాళ్లు రోజూ ఒకచోట చేరడానికి రాత్రిబడి దొరకడం, ఈ రెండూ కలిసిన చోట్ల ఆ ఉద్యమం పాకింది. కాదంటే ఈ రెండూ ఉండి కూడా ఏ ఊళ్లో పాకలేదో చూపించి నా మాట కొట్టెయ్యండి, సంతోషిస్తాను.

మా వాళ్లలో సైన్స్ కానివాళ్లూ ఉన్నారు, అది దాచను. టీవీలో సామాజిక విశ్లేషకులు అని కింద పేరు వేసుకుని కూర్చునేవాళ్లు ఏం జరిగినా "నేను ముందే చెప్పాను" అంటారు, ఎప్పుడు చెప్పారో ఎవరూ అడగరు. వాళ్లకన్నా ఎగ్జిట్ పోల్స్ వాళ్లు నయం, కౌంటింగ్ రోజున పరువు పోగొట్టుకోడానికైనా సిద్ధపడతారు. అమెరికాలో 1936లో ఒక పత్రిక దాదాపు 24 లక్షల మంది జవాబులు పోగేసి అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోతాడంది. సర్వేలు చేసే గాలప్ అనే ఆయన అంతకంటే ఎంతో చిన్న శాంపిల్‌తో గెలుస్తాడన్నాడు, గెలిచాడు. పత్రిక జవాబులు తీసుకున్నది ఎక్కువగా ఫోనూ కారూ ఉన్నవాళ్ల దగ్గర. లెక్క ఎంత పెద్దదనేదానికన్నా ఎవర్ని అడిగావనేది ముఖ్యమని ప్రపంచానికి అప్పుడు తెలిసొచ్చింది. మన వాట్సాప్ గ్రూపులకి ఇంకా తెలియలేదు.

ఆప్షనల్ సంగతి అడిగారు. యూపీఎస్సీ సోషియాలజీ మొదటి పేపర్లో మీరడిగిన ఈ ప్రశ్నకే ఒక యూనిట్ ఉంది, సైన్స్‌గా సోషియాలజీ అనే పేరుతో. "ఈజీ, స్కోరింగ్" అని ఎవరో చెప్పారని మాత్రం తీసుకోకండి. కోచింగ్ నోట్సులో కోంత్, దుర్ఖైమ్, వెబర్ లాంటి తొలితరం సోషియాలజిస్టుల పేర్ల కింద తలా నాలుగు పాయింట్లు ఉంటాయి. హాల్లో అందరూ ఆ నాలుగే రాస్తారు. దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యల లెక్కలతో ఏం వాదించాడో, ఆ లెక్కలు రాసినవాళ్లు కొన్నిచోట్ల ఆత్మహత్యను వేరే చావుగా రాసేశారని తర్వాతివాళ్లు ఎలా పట్టుకున్నారో కలిపి చదవండి, ఆ యూనిట్ అర్థమవుతుంది. ఏ మెటీరియల్ కొనాలని మాత్రం నన్నడక్కండి. నేను ఆ పరీక్ష రాయలేదు.