ఓవల్‌లో బూస్ట్ ఎంత పెట్టాలి? ముందు మలుపులో కాలు తీస్తున్నారో లేదో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: ఆర్‌ఫ్యాక్టర్ 2 అనే కంప్యూటర్ రేసింగ్ గేమ్‌లో, అమెరికా ఇండీకార్ కార్ల లీగ్‌లో పోటీపడుతున్నారు. ఇండియానాపొలిస్ ఓవల్‌లో (ఎప్పుడూ ఎడమకే తిరిగే ట్రాక్) బాగా పనిచేసిన ఇంజిన్ బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి గాలిని కుక్కే ఒత్తిడి, పెంచితే పవర్ పెరుగుతుంది) గేట్‌వే ఓవల్‌లో పెడితే కారు గిర్రున తిరుగుతోంది, పోకోనోలో పెడితే చివర్లో ఇంజిన్ పోతోంది. ట్రాక్‌కో నంబరు చెప్పమన్నారు.

నంబరు మాత్రం చెప్పలేనండీ. ఒక మోడ్‌లో (గేమ్‌కి విడిగా వేసుకునే కార్ల ప్యాక్) 5 అంటే మధ్యస్థం, ఇంకోదాంట్లో అదే ఆఖరి మెట్టు. నేను హైదరాబాద్ నుంచి అమెరికా లీగుల్లో కొన్నేళ్లుగా నడుపుతున్నా (వేసవిలో వాళ్ల ఆదివారం రాత్రి 8 అంటే మనకు సోమవారం తెల్లవారి 5:30, రేసు అయ్యాకే ఆఫీసు). ఏ ట్రాక్‌కి వెళ్లినా ముందు చూసేది ఒక్కటే: మలుపులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాల్సి వస్తోందా, లేదా? స్ట్రెయిట్ ఎంత పొడుగన్నది ఆ తర్వాతి సంగతి. చాలామంది దీన్ని తలకిందులుగా లెక్కేసి, పొడుగు స్ట్రెయిట్ కనబడగానే బూస్ట్ పెంచేస్తారు.

ఇండియానాపొలిస్‌నే తీసుకోండి. రెండున్నర మైళ్లు, నాలుగు మలుపులూ 9 డిగ్రీల పైచిలుకు వాలు. కాగితం మీద నాలుగూ ఒకటే. నడిపితే కాదు. 1, 3 మలుపులకు మీరు వచ్చేది మైలులో ఎనిమిదింట ఐదు వంతులున్న స్ట్రెయిట్ మీంచి, 2, 4 మలుపులకేమో ఎనిమిదో వంతు ముక్క మీంచి. 2, 4 లోంచి ఎంత వేగంతో బయటపడతారో దాన్నే ఆ తర్వాతి స్ట్రెయిట్ అంతా మోసుకెళ్తారు. ఒంటరిగా ఉంటే దాదాపు ల్యాప్ అంతా ఫుల్ థ్రాటిలే కాబట్టి బూస్ట్ పనికొస్తుంది. గుంపులో ఉంటే పెద్దగా రాదు. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన పవర్ వేగపు ఘనంతో పెరుగుతుంది. పవర్ 5 శాతం పెంచితే వేగం పెరిగేది సుమారు 1.6 శాతం, అంటే గంటకు 220 మైళ్ల దగ్గర మూడున్నర మైళ్లు. ముందు కారు డ్రాఫ్ట్‌లో, అంటే అది గాలిని చీల్చిన నీడలో, దూరితే అంతకన్నా ఎక్కువ ఊరికే వస్తుంది. పైగా ఆరో గేర్ పొట్టిగా పెట్టుకున్నవాళ్లకి డ్రాఫ్ట్‌లో రెవ్ లిమిటర్ (ఇంజిన్ తిరిగే వేగానికి పెట్టిన హద్దు) తగులుతుంది. అక్కడ ఎంత బూస్ట్ ఉన్నా దండగే.

దానికి మీరు కట్టే ధర ఇంధనం. 100 ల్యాపుల రేసు అనుకుందాం. ట్యాంకుకి 34 ల్యాపులు వస్తే మూడు ట్యాంకులతో 102 ల్యాపులు, రెండు పిట్ స్టాపులతో పని అయిపోతుంది. 33 వస్తే 99. ఆ ఒక్క ల్యాపు కోసం మూడో స్టాప్. ఎల్లో ఫ్లాగ్ (ప్రమాదం జరిగితే అందరూ నెమ్మదించాల్సిన సంకేతం) పడితే ఈ లెక్క మారుతుంది, కానీ దాన్నే నమ్ముకుని బూస్ట్ పెంచడం జూదం. నా పద్ధతేంటంటే, గుంపులో ఉన్నంతసేపూ తక్కువ బూస్ట్ సెట్టింగ్‌లో ఉంటా, లీడ్‌లో ఉన్నప్పుడో ఆఖరి స్టాప్ తర్వాతో పెంచుతా.

గేట్‌వే పూర్తిగా వేరు. 1.25 మైళ్ల కోడిగుడ్డు ఆకారం. 1-2 మలుపులు బిగుతు, 11 డిగ్రీలు. 3-4 విశాలం, 9 డిగ్రీలు. మొదటి మలుపుకి బ్రేక్ వేసి గేర్ దించాల్సిందే. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కేది స్టీరింగ్ ఇంకా ఎడమకి తిరిగి ఉండగానే. బూస్ట్ ఎక్కువుంటే అప్పుడే కుడి వెనక టైరు జారుతుంది. తొలి ల్యాపుల్లో కాస్త స్టీరింగ్ వదిలి సర్దుకుంటారు, ఆ టైరు వేడెక్కాక ఆ సర్దుబాటు కుదరదు. మీ కారు తిరిగిపోతోంది అక్కడేనని నా అనుమానం. బూస్ట్ ఒక మెట్టు దించి, రెండో మలుపు బయట థ్రాటిల్‌ని ఒకేసారి తొక్కకుండా నెమ్మదిగా నొక్కి చూడండి. ల్యాప్ టైమ్ ఒకటి రెండు ల్యాపులకి కాస్త పెరిగినా, స్టింట్ (రెండు పిట్ స్టాపుల మధ్య పరుగు) చివర్లో మీరే ముందుంటారు. మిల్వాకీ మైల్ ట్రాక్ కూడా ఇదే బాపతు.

పోకోనో ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. మూడే మలుపులు, వాలు 14, 8, 6 డిగ్రీలు, మూడింటికీ నప్పే సెటప్ లేదు. మూడోది ఆరు డిగ్రీలే, దాని తర్వాత 3,740 అడుగుల స్ట్రెయిట్. నేనైతే మూడో మలుపుకి కారుని సర్దుకుని, మొదటిదాంట్లో కొంచెం పుష్ అయినా (ముందు టైర్లు జారి కారు సరిగా తిరగకపోయినా) భరిస్తా. ఇంజిన్ పోవడానికి కారణం బూస్ట్ ఒక్కటే కాదు, రేడియేటర్ సెట్టింగ్ కూడా చూడండి. వేగం కోసం దాన్ని మూసేసి, బూస్ట్ పెంచి, ఒకడి వెనకే ల్యాపులకి ల్యాపులు అతుక్కుని వెళ్తే ఆయిల్ వేడెక్కక ఏం చేస్తుంది?

అసలు ఇండీకార్‌లో ఈ గొడవ డ్రైవర్ల దాకా రాదు. ఇండియానాపొలిస్ రేసుకి బూస్ట్ 1.3 బార్ (ఒత్తిడి కొలత), 2020 నుంచి క్వాలిఫయింగ్‌కి 1.5 బార్ అని సిరీసే కట్టేస్తుంది. ఒకప్పుడు నిబంధనల్లోనే తేడా ఉండేది. 1994 ఇండియానాపొలిస్ 500 రేసులో పెన్‌స్కీ టీమ్ పుష్‌రాడ్ (పాత తరహా వాల్వ్ అమరిక) మెర్సిడెస్ ఇంజిన్‌కి 55 అంగుళాల (పాదరసం కొలతలో) బూస్ట్, మామూలు రేసింగ్ ఇంజిన్లకి 45. రేసులో ఆ కార్లదే పైచేయి అయింది. లీడ్‌లో ఉన్న ఎమర్సన్ ఫిట్టిపాల్డి, సొంత టీమ్‌కే చెందిన అల్ అన్సర్ జూనియర్‌ని ల్యాప్ చేయబోయి నాలుగో మలుపులో గోడని కొట్టాడు. రేసు అన్సర్ గెలిచాడు. స్ట్రెయిట్ మీద అంత బలమున్న కారుకి కూడా లెక్క తేలింది మలుపులోనే.

ప్రాక్టీస్‌లో ఒక పూర్తి ట్యాంకు ఒంటరిగా, ఇంకోటి ఎవరి వెనకైనా నడపండి. ఆయిల్ ఉష్ణోగ్రత, ల్యాపుకి ఇంధనం, కుడి వెనక టైరు అరుగుదల రాసుకోండి. రెండో పరుగులో వచ్చిన అంకెలనే నమ్మండి, రేసులో గడిపేది ఎక్కువగా అలాగే. ఇంకోటి, మీ సర్వర్‌లో మెకానికల్ ఫెయిల్యూర్లు ఆన్‌లో ఉన్నాయో లేదో అడ్మిన్‌ని ముందే అడగండి. ఆఫ్ అయితే ఇంజిన్ గురించి బెంగ వద్దు, ఇంధనం, టైర్ల లెక్క చూసుకుంటే చాలు.