రంగు చూసి వాద్యం కొనబోతున్న మేనల్లుడికి

కర్నూలు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కొనాలనుకుంటున్న రెండు పెడల్ స్టీల్ గిటార్ల ఫోటోలు, టెక్సాస్ నుంచి పంపినవి, మీ అత్తయ్య, నేను కూర్చుని చాలాసేపు చూశాము. బల్లలా కాళ్ల మీద నిలబెట్టి, తీగెల మీద కడ్డీ ఆనించి, పెడళ్లతో శ్రుతి మార్చే వాద్యమని మీ అత్తయ్యకు చెప్పాను. ఆమెకు తేనెరంగుది నచ్చింది. మేపుల్ కర్ర మీది చారలు పట్టుచీర అంచులా ఉన్నాయన్నది. నీ మనసు మాత్రం నల్లదాని మీద ఉందని నీ ఉత్తరం చదివితే తెలిసిపోతోంది. నల్ల పెడల్ స్టీల్ గిటార్‌కు నాదం లోతుగా ఉంటుందని అమ్మేవాడు చెప్పాడనీ, అందుకే నాలుగు వందల డాలర్లు ఎక్కువ అడుగుతున్నాడనీ రాశావు. "మామయ్యా, రంగు నిజంగా నాదాన్ని మారుస్తుందా?" అని అడిగావు.

మార్చదు. ఆ ఒక్క మాట ఫోనులోనే చెప్పి ఉండేవాణ్ణి. కానీ ఇదే ప్రశ్నకు పదిహేనేళ్ల క్రితం నేను తప్పు జవాబు చెప్పాను. దానివల్ల ఒక పిల్లవాడు నష్టపోయాడు. అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నాను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి మన ఊరి మీద పడిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. పాతబస్తీలో మా ఇంటి కింది భాగమంతా మునిగింది. ఒళ్లో పడుకోబెట్టి కడ్డీతో వాయించే నా హవాయి గిటార్ బీరువా మీద ఉంది కాబట్టి కొట్టుకుపోలేదు గానీ, నీళ్లు దాన్ని వదల్లేదు. బురద కడిగి చూస్తే లక్క పాలిష్ అంతా విరిగిన మజ్జిగలా తెల్లబడి పొరలు లేచింది. రెండు నెలలు నీడలో ఆరబెట్టాను. ఎండలో పెట్టి ఉంటే కర్ర పగిలేది. తరువాత పాలిష్ మేస్త్రీ దగ్గరకు తీసుకుపోతే, కర్రలోకి మరకలు దిగిపోయాయి, పారదర్శకమైన పాలిష్ వేస్తే అవన్నీ కనిపిస్తాయి, నల్ల డ్యూకో పెయింటు కొడదాం అన్నాడు. సరే అన్నాను. అలా నా గోధుమరంగు గిటార్ నల్లదైంది.

తరువాతి దసరాకు దాన్ని కచేరీలో వాయించాను. విన్నవాళ్లందరూ నాదం గంభీరంగా మారిందన్నారు. నాకూ అలాగే వినిపించింది. నల్లరంగు మహిమ అని ఎవరో అన్నారు, ఆ మాటను నేనూ పట్టుకున్నాను. ఆ రోజుల్లో నా దగ్గర నేర్చుకుంటున్న ఒక కుర్రవాడికి అదే చెప్పాను. వాడి దగ్గర మంచి పసుపురంగు గిటార్ ఉండేది. వేరుశనగ పంట డబ్బుతో వాళ్ల నాన్న కొనిచ్చినది. నా మాట విని దాన్ని తక్కువ ధరకు అమ్మేసి, ఎక్కడో వెతికి నల్లది తెచ్చుకున్నాడు. దాని మెడ వంగి ఉంది. పై స్థాయిలో గీత మీద కడ్డీ సరిగ్గా ఆనించినా శ్రుతి కలిసేది కాదు. లోపం తన చేతిలోనే ఉందనుకుని ఏడాది తిరిగేలోగా వాయించడమే మానేశాడు. ఆ నింద నాది, ఈ రోజుకూ నాదే.

అసలు కారణం నాకు తరువాత ఎప్పుడో తెలిసింది. వరదలో నా గిటార్ పికప్, అంటే తీగెల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగం, దాని తీగచుట్ట తుప్పు పట్టి తెగిపోయింది. రేడియోలు బాగుచేసే మిత్రుడొకరు దాన్ని మళ్లీ చుట్టి ఇచ్చాడు. తన దగ్గరున్న సన్నని రాగితీగతో, పాతదానికన్నా ఎక్కువ చుట్లు చుట్టాడు. కొన్నేళ్లకు ఒక కళాకారుడు నిమ్మపండు రంగు గిటార్‌తో మా ఇంటికి వచ్చాడు. వాయిస్తే అచ్చంగా నా నల్లదాని నాదమే! ఆరా తీస్తే దాని పికప్ చుట్టినది కూడా ఆ మిత్రుడే, తీగ కూడా అదే. చుట్లు పెరిగితే శబ్దం పెద్దదవుతుంది, మెరుపు తగ్గుతుంది, మంద్రం ముందుకు వస్తుంది. జనం మెచ్చుకున్న గాంభీర్యం ఆ రాగితీగది. దానికి తోడు తీగెలు కొత్తవి, వాటి పై కొస ఆనే నట్టు కొత్తది. ఇన్ని మారినా అందరి కళ్లకూ కనిపించినది మాత్రం నలుపు ఒక్కటే.

నీ వాద్యానికీ ఇదే వర్తిస్తుంది. పెడల్ స్టీల్‌లో ఉక్కు తీగె కంపిస్తే దాని కింది అయస్కాంత క్షేత్రం కదిలి, పికప్ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్‌కు వెళ్లేది ఆ విద్యుత్తే. చెక్కకు అందులో పాత్ర లేదనను. తీగె రెండు కొసలూ ఎంత గట్టి వస్తువు మీద ఆనాయి, కంపనాన్ని ఎంతసేపు నిలబెట్టాయి అన్నది వినబడుతుంది. మరి రంగు వాటా ఎంత? నేను కాగితం మీద లెక్క వేశాను. ఆ పెట్టె అంతటికీ పలుచగా లాకర్ అనే మెరుగుపూత కొడితే ఆరిన తరువాత బరువు ఏ డెబ్బై, ఎనభై గ్రాములో ఉంటుంది. అందులో నలుపుకో, ఎరుపుకో కారణమైన రంగుపొడి కొద్ది గ్రాములు. రెండు మెడల వాద్యమైతే, అంటే రెండు తీగెల వరుసలున్నదైతే, దాదాపు ఇరవై కిలోలు ఉంటుంది. ఆ కొద్ది గ్రాములు ఏ వర్ణంలో ఉన్నాయో తీగెకు తెలిసే దారి లేదు.

పూత రకం వేరే విషయం, దాన్ని రంగుతో కలపకు. పలుచని లాకర్ ఒకటి, చెక్కకు జిగురుతో అతికించిన మైకా ఒకటి. మైకా అంటే మన వంటింటి అలమరలకు వేసే సన్‌మైకా లాంటిదే, దాదాపు మిల్లీమీటరు మందం. ఈ రెండింటికీ నాదంలో తేడా ఉందని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదనలో కొంత అర్థం ఉండవచ్చు, ఎందుకంటే అక్కడ మారుతున్నది పదార్థం. కానీ నల్ల మైకాకూ ఎర్ర మైకాకూ తేడా ఏముంటుంది?

అయితే నల్లవాటికి ఆ పేరు ఎలా వచ్చింది? నాకు తోచిన కారణం చెబుతాను. ఉత్తర కరోలినాలోని బర్లింగ్టన్‌లో 1960లలో మొదలైన ఎమ్మన్స్ కంపెనీ పెడల్ స్టీల్ వాద్యాలను అక్కడివాళ్లు ఎంత గౌరవిస్తారో నీకు తెలుసు. వాటిలో పెడల్ వదిలినప్పుడు తీగె కొసను పట్టుకునే భాగం పెట్టెకు గట్టిగా ఆనుకుని నిలుస్తుంది. ఆ బిగువు వల్లే వాటికి ఆ నాదం అని వాయించేవాళ్లు చెబుతారు. అలాంటి వాద్యం ఒకటి నల్లగా ఉంటే, యంత్రం చేసిన పని చూపుకు అందదు, రంగు అందుతుంది. మన దగ్గరా ఇలాంటిది ఉంది. పనస కర్ర కోసినప్పుడు పసుపుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే ముదురు రంగు వీణ చూడగానే ఇది పాతది, చాలామంది చేతుల్లో పలికినది అన్న భావం మనసులో పుడుతుంది. ఆ భావంతోనే వింటాం. కొత్త వీణకు ముదురు పాలిష్ వేసినా అలాగే వింటాం.

ఇది మనలాంటివాళ్లకే జరుగుతుందనుకోకు. 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 21 మంది వయొలిన్ విద్వాంసులకు వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టి, వెలుతురు తగ్గించిన గదిలో ఆరు వయొలిన్లు ఇచ్చారు. మూడు కొత్తవి, మూడు పాతకాలంలో ఇటలీలో పేరొందిన వయొలిన్ పనివాళ్లు స్ట్రాడివరీ, గ్వార్నెరీ చేసినవి. పాత కర్ర వాసన పట్టకుండా గడ్డం ఆనే చోట అత్తరు కూడా పూశారు. ఎక్కువమంది కొత్తదాన్నే ఎంచుకున్నారు, అన్నిటికన్నా తక్కువ మెప్పు పొందినది ఒక స్ట్రాడివరీ. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 52 మంది గిటారిస్టులతో ఇలాంటి పరీక్షే చేసి 2018లో ప్రచురించారు. వెనుక, పక్క పలకల కర్ర తప్ప మిగతాదంతా ఒకేలా ఉన్న ఆరు గిటార్లు. కళ్లు కప్పితే ఖరీదైన కర్రకూ చవక కర్రకూ మార్కులు దాదాపు సమానంగా వచ్చాయి. కర్రే మారినప్పుడు అంత చిన్న తేడా ఉంటే, కర్ర మీది వర్ణం సంగతి నువ్వే ఆలోచించు.

రంగు వల్ల నిజంగా మారేది ఒకటుంది, అది మన ఊళ్లో వాయిస్తేనే తెలుస్తుంది. మే నెలలో కొండారెడ్డి బురుజు దగ్గర ఆరుబయట వేదిక మీద సాయంత్రం నాలుగున్నరకు వాయించాను. నా నల్ల గిటార్ మీద చెయ్యి పెడితే కాలింది. నలుపు ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది కదా. శ్రుతి ఎంత కలిపినా నిలవలేదు. ఉక్కు తీగె ఒక్కటే పది డిగ్రీలు వేడెక్కితే, నీ వాద్యంలోని సన్నని పై తీగె అరస్వరంలో దాదాపు పదో వంతు దిగుతుంది. కింది తీగెలు అంతకు రెండు మూడు రెట్లు దిగుతాయి. పైగా నీ దానిలో అల్యూమినియం భాగాలున్నాయి, అల్యూమినియం ఉక్కుకన్నా రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ, మధ్యలో చెక్క. సంక్రాంతి దాటాక ఇక్కడికి తెచ్చి ఆరుబయట వాయించే ఆలోచన ఉంటే, లేతరంగుది తీసుకోవడానికి అది న్యాయమైన కారణం. నల్లదే కొంటే తెల్లటి నూలు దుప్పటి వెంట ఉంచుకో. వాయించే వేళ దాకా కప్పి ఉంచితే చాలావరకు ఆగుతుంది.

ఇప్పుడు నువ్వు చూడవలసినవి చెబుతాను. మొదట వాద్యం కింద కూర్చుని పైకి చూడు. కొనేవాళ్లు చాలామంది పైనుంచే చూసి వచ్చేస్తారు. పెడళ్ల నుంచి వెళ్లే కడ్డీలు వంగాయా, తీగె కొసను తిప్పే లోహపు వేళ్లు అరిగాయా, తీగె ఆనే చోట గాడి పడిందా చూడు. ఆ గాడి పడితే తీగె మొగ్గలోనే మూగబోతుంది, ఎంత మంచి పికప్ పెట్టినా ప్రాణం రాదు. తరువాత శ్రుతి చూపే యంత్రం పెట్టి, ఈ9 అనే తీగెల అమరికలో నాలుగో తీగెను మీటు, అది మోగుతుండగానే మొదటి రెండు పెడళ్లు కలిపి తొక్కు. ఆ తీగెను ఆ పెడళ్లు లాగవు కాబట్టి ముల్లు కదలకూడదు. కొద్దిగా కదలడం అన్నిటిలోనూ ఉంటుంది. ఐదు సెంట్లు, అంటే అరస్వరంలో ఐదు శాతం, దాటి దిగితే పెట్టె తొక్కుడుకు వంగుతున్నదని అర్థం. నేనైతే అలాంటిది ఎంత అందంగా ఉన్నా కొనను. మోకాలి మీటలు నీ కాళ్ల పొడవుకు అందుతాయా అని కూర్చుని చూసుకో, నువ్వు మా నాన్న పోలిక, పొడగరివి.

రెండింటినీ పోల్చి వినేముందు రెండింటికీ ఒకే రకం కొత్త తీగెలు వెయ్యి. ఆ ఖర్చు నువ్వే పెట్టుకుంటానంటే అమ్మేవాళ్లు ఒప్పుకుంటారు. వారం పాతబడిన తీగెలకూ ఏడాది పాతవాటికీ ఉన్న తేడా ముందు మిగతా తేడాలన్నీ చిన్నవి. మీటరు పెట్టి పికప్ చుట్టల విద్యుత్ నిరోధం కొలువు. ఈ వాద్యాల పికప్‌లు చాలావరకు 17 నుంచి 20 కిలో ఓమ్‌ల మధ్య ఉంటాయి. ఒకటి 17, ఒకటి 20 చూపిస్తే "నల్లదాని లోతు" ఎక్కడినుంచి వచ్చిందో నీకు అక్కడే దొరుకుతుంది. పికప్‌కూ తీగెలకూ మధ్య ఎడం కూడా రెండింట్లో ఒకేలా పెట్టించు. చేతి కడ్డీ ఒకటే, వేలి తొడుగులు అవే, వాల్యూమ్ పెడల్ అదే, ఆంప్లిఫయర్ అదే. దాని మీటలు ఒక్కసారి పెట్టాక మళ్లీ ముట్టుకోవద్దు. పెద్దగా మోగినదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది, అందుకే మోత సమానం చేయడం మరచిపోవద్దు.

ఇంకొకటి, నీ కుడిచెయ్యి. పికప్‌కు దగ్గరగా మీటితే పదునుగా, నాలుగు వేళ్ల దూరం జరిగి మీటితే గుండ్రంగా వస్తుంది. నల్లదాని ముందు కూర్చున్నప్పుడు గంభీరంగా పలకాలని నీకు తెలియకుండానే చెయ్యి లోపలికి జరుగుతుంది. నాకు అలాగే జరిగింది, పాత వీడియోలు చూసినప్పుడు కనిపించింది. మీటే చోట చిన్న కాగితం ముక్క అతికించుకుని అక్కడే మీటు.

ఇంత చేశాక రెండూ సమానంగా ఉండి, నల్లదాన్ని చూసినప్పుడల్లా దాని ముందు కూర్చోవాలనిపిస్తే నల్లదే కొను. రోజూ రెండు గంటలు కూర్చోబెట్టగల అందం చిన్న విషయం కాదు, నేను దాన్ని తీసిపారేయను. ఆ నాలుగు వందల డాలర్లు రంగుకే ఇస్తున్నావని తెలిసి ఇవ్వు. నాదానికి ఇస్తున్నాననుకుని ఇవ్వకు.

వచ్చే ఆదివారం అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్తానన్నావు కదా. అమ్మాయిని కూడా తీసుకుపో. ఏది ముందు వాయించాలో ఆమె నాణెం ఎగరేసి చెప్పాలి. ఒకే పాట, ఒకే వేగం, పదిసార్లు. ఫోనులో కాకుండా మంచి రికార్డరులో పట్టి, ఒకటి, రెండు, మూడు అని అంకెలు మాత్రమే పెట్టి పంపు. నేను హెడ్‌ఫోను పెట్టుకుని విని, నాకు నచ్చినవి కాగితం మీద రాసి పెడతాను. మీ అత్తయ్య కూడా వేరుగా రాస్తుంది. ఏ అంకె ఏ వాద్యమో ఆ జాబితా అమ్మాయి దగ్గరే ఉండనివ్వు. మా కాగితాల ఫోటోలు వచ్చేదాకా నీకు కూడా చూపించవద్దని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య