అది ఎవరి సమయం?

ప్రశ్న: నా వయసు 37. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేళ్లుగా ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీని (ఎవరైనా ఉచితంగా తమ ప్రోగ్రాముల్లో వాడుకోగల కోడ్‌ను) ఒక్కడినే, ఉచితంగా చూసుకుంటున్నాను. పిల్లలు పడుకున్నాక కూర్చుంటే రాత్రి ఒంటిగంట దాటుతోంది. ఈ మధ్య ఒంట్లో ఓపిక ఉండటం లేదు. నా భార్య ‘మీ పని మీరు చూసుకోండి’ అని మాట్లాడటం మానేసింది. టైమ్ ఎలా సర్దుకోవాలి? ఈ పని విలువ ఆమెకెలా చెప్పాలి? అన్నట్టు, పిల్లల చదువులు, జ్వరాలు, మా అమ్మ మందులు ఆమే చూసుకుంటుంది.

జవాబు: టైమ్ సర్దుకునే చిట్కాలు నేను చెప్పను. ఒంటిగంట దాకా మేలుకునే మనిషికి టైమ్‌టేబుల్ ఇస్తే రెండింటిదాకా మేలుకుంటాడు. ఇక విలువ ఆమెకు తెలియదని ఎందుకనుకున్నారు? ఆరేళ్లుగా పిల్లల చదువులు, జ్వరాలు, మీ అమ్మగారి మందులు ఆమే చూసుకుంటోందని ఉత్తరం చివర్లో మీరే రాశారు, అదేదో చిన్న విషయమైనట్టు! మీ సేవకు సమయం సమకూరుస్తున్నది ఆమె. ఒక్కసారైనా అడిగారా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

మీ లైబ్రరీ వాడే ముక్కూముఖం తెలియనివాళ్లు ‘ఇంకా సరిచేయలేదా’ అని రాస్తే మీకు నిద్ర పట్టదు. ఇంట్లో మనిషి మాట మానేస్తే మాత్రం ‘ఎలా నచ్చజెప్పాలి’ అంటున్నారు. నాకు కోపం తెప్పించింది ఇదే.

వాళ్లకు మీరేమీ బాకీ లేరు. ఎలాంటి హామీ లేకుండా ఉన్నదున్నట్టుగా ఇస్తున్నామని దాదాపు ప్రతి ఓపెన్ సోర్స్ లైసెన్సులోనూ ఉంటుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2018లో పగ్గాలు వదిలేశారు. పైథాన్ ఆగలేదు. అలాగని విసుగుతో ఎవరికి పడితే వాళ్లకు అప్పగించకండి. ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్‌లో 2024లో బయటపడ్డ వ్యవహారం మీకు తెలిసే ఉంటుంది. దాన్ని మీలాగే ఒంటరిగా చూసుకుంటూ అలసిపోయిన మెయింటెయినర్‌ను మెయిళ్లతో తొందరపెట్టారు. సాయం చేస్తానంటూ వచ్చి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన వ్యక్తే చివరికి అందులో దొంగదారి పెట్టాడు. నమ్మదగినవాళ్లు దొరికేదాకా ‘భద్రతా లోపాలు తప్ప మిగతావి చూడలేను’ అని లైబ్రరీ పరిచయ పత్రం రీడ్‌మీలో రాసి పెట్టండి. అదీ కష్టమైతే కోడ్ ఉన్న రిపాజిటరీని ఆర్కైవ్ చేయండి, అంటే ఇక మార్పులు లేకుండా చదవడానికి మాత్రమే ఉంచండి. కావలసినవాళ్లు దాన్ని ఫోర్క్ చేసుకుంటారు, అంటే నకలు తీసుకుని సొంతంగా కొనసాగిస్తారు.

నీరసం సంగతి డాక్టరుకు చూపించుకోండి, దాన్ని నిద్రలేమి మీదకి నెట్టేసి ఊరుకోకండి.

ఇక ఆమెతో మాట్లాడేటప్పుడు లైబ్రరీ గొప్పతనం ఎత్తకండి. వారంలో ఎన్ని గంటలు దీనికి ఇవ్వగలమో ఆమెనే అడగండి. ‘సున్నా’ అంటే కొన్ని నెలలు సున్నాయే. అమ్మగారి మందులు రేపటినుంచి మీరు చూసుకోండి, అది మాత్రం ఆమెను అడగనక్కర్లేదు.