డిపోజిషన్‌లో అవతలి లాయర్ మీద మీదకు వస్తే లేచి వచ్చేయొచ్చా?

టెక్సస్‌లో కారు యాక్సిడెంట్ కేసు, వచ్చే వారం డిపోజిషన్ (కోర్టు బయట లాయర్లు ప్రశ్నలడిగి సాక్షి చేత ప్రమాణం మీద చెప్పించే వాంగ్మూలం), అవతలి లాయర్ సాక్షుల మీద విరుచుకుపడతాడని విన్నాను, మధ్యలో లేచి వచ్చేయొచ్చా అని అడిగారు. మీ అంతట మీరు లేవకండి. అది మీ లాయర్ చూసుకోవాల్సిన పని. డల్లాస్‌లో ఇలాంటి కేసులోనే నేనూ కూర్చున్నాను.

ఆ గదిలో జడ్జి ఉండరు, అసలు ఇబ్బంది అదే. నన్ను ప్రశ్నించినాయన నా జవాబు సగంలో ఉండగానే ‘అవునా, కాదా?’ అని గొంతు పెంచేవాడు. యాక్సిడెంట్ ఫొటోలు నా ముందుకు విసిరేవాడు. కాసేపటికి కేసుతో సంబంధం లేకపోయినా నా వీసా గురించి ఎత్తాడు. మా లాయర్ మాత్రం నెమ్మదిగానే, ‘సాక్షిని జవాబు పూర్తి చేయనివ్వడం లేదు, ఫొటోలు విసురుతున్నారు, ఇది రికార్డులో ఉండాలి’ అన్నారావిడ. వీసా ప్రశ్నకు జవాబు చెప్పొద్దన్నారు. సాక్షిని వేధించే ప్రశ్నను అలా ఆపే వీలు టెక్సస్ సివిల్ కేసుల నియమాల్లోని రూల్ 199.5లోనే ఉంది.

ఆవిడ అలా ఎందుకు అన్నారో ట్రాన్‌స్క్రిప్ట్ (ఆ గదిలో అన్న మాటలన్నీ రాసిన ప్రతి) వచ్చాక అర్థమైంది. అందులో అరుపు కనిపించదు. ఎవరో ఒకరు నోటితో చెబితేనే అది కాగితం మీదకు వస్తుంది. మీరు చిరాకులో అన్న మాట మాత్రం పొల్లుపోకుండా ఉంటుంది. అందుకే వీడియో తీస్తున్నారా అని ఇవాళే కనుక్కోండి. మీ వైపు నుంచి తీయించాలన్నా ముందుగా నోటీసు ఇవ్వాలి.

ఇంకోటి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వింటున్నామని తెలియడానికి మనం ‘ఎస్, ఎస్’ అంటుంటాం. రికార్డులో అది ఒప్పుకున్నట్టే పడుతుంది. ప్రశ్న పూర్తయ్యేదాకా నోరు మెదపకండి. మధ్యలో మీ లాయర్‌తో గుసగుసలాడటం కుదరదు, బ్రేక్‌లో మాట్లాడుకోవచ్చు. బ్రేక్ అడగడానికి మొహమాటం వద్దు. టెక్సస్ స్టేట్ కోర్టు కేసుల్లో ఒక సాక్షిని ప్రశ్నించడానికి ఒక్కో పక్షానికి ఉన్న ఆరు గంటల పరిమితిలో బ్రేకులు లెక్కకు రావు.

దూకుడుగా ఉండేవాడే గట్టి లాయర్ అని మనవాళ్లు చాలామంది నమ్ముతారు. నేనొప్పుకోను. హ్యూస్టన్‌లో ఒకప్పుడు జో జమేల్ అని చాలా పేరున్న లాయర్ ఉండేవారు. ఒక డిపోజిషన్‌లో ఆయన ఎదుటి లాయర్‌ను తిట్టిన తీరును, ఎవరూ ఫిర్యాదు చేయకుండానే, 1994లో పారామౌంట్, క్యూవీసీ కంపెనీల కేసు తీర్పులో డెలావేర్ సుప్రీంకోర్టు ఎండగట్టింది. ట్రాన్‌స్క్రిప్ట్‌లోని ఆయన మాటలనే తీర్పులో ఎత్తి చూపింది.

మీ కేసు స్టేట్ కోర్టులో ఉంటే, ట్రాన్‌స్క్రిప్ట్ మీకు గానీ మీ లాయర్‌కు గానీ అందిన 20 రోజుల్లోగా చదివి, మార్పులేమైనా ఉంటే కారణం రాసి, సంతకం చేసి పంపాలి. లాయర్ చదువుతారులే అని వదిలేయకుండా ప్రతి పేజీ మీరే చదవండి.