మెత్తగా ఉంటే చాలదు, తడిగా కూడా ఉండాలి

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ, వాళ్లకు వండిపెడుతున్నవాళ్లూ పంపిన ప్రశ్నల్లో మెత్తని తిండికి సంబంధించినవి ఈసారి తీసుకున్నాం. ద్రవాల నుంచి గుజ్జుకీ, గుజ్జు నుంచి మెత్తనివాటికీ ఏ వారంలో మారాలన్నది ఆపరేషన్‌ని బట్టీ, సర్జన్‌ని బట్టీ ఉంటుంది. మీకిచ్చిన డైట్ చీటీలో వేరుగా ఉంటే ఆ చీటీ మాటే నెగ్గాలి.

ప్రశ్న: స్లీవ్ ఆపరేషన్ అయి నాలుగు వారాలైంది. గుజ్జు బాగానే దిగింది. మెత్తనివి మొదలుపెట్టమన్నారని ఒకరోజు ఉడికించిన చికెన్ ముక్క, మర్నాడు బ్రెడ్డు తిన్నాను. రెండుసార్లూ రొమ్ము మధ్యలో రాయి పెట్టినట్టయింది. నోట్లో నురగ ఊరి, చివరికి వాంతయింది. రెండూ మెత్తనివే కదండీ?

చేతికి మెత్తగా తగలడం వేరు, లోపల జారడం వేరు. స్లీవ్‌లో కడుపును ముప్పాతిక వంతుకు పైగానే తీసేస్తారు. మిగిలేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు పట్టే సన్నని గొట్టం. నాలుగు వారాలకు దాని వాపు పూర్తిగా తీసి ఉండకపోవచ్చు కూడా. బ్రెడ్డు నోట్లో దూదిలా ఉన్నా లాలాజలం తగలగానే మళ్లీ పిండిముద్దగా మారి అక్కడ అతుక్కుంటుంది. అన్నం, పాస్తా కూడా ఇదే పని చేస్తాయి. చికెన్‌ది ఇంకో తగువు: రొమ్ము భాగంలో కొవ్వు చాలా తక్కువ, కాస్త ఎక్కువ ఉడికినా, మళ్లీ వేడిచేసినా తడి పోయి పీచులు మిగులుతాయి. ఎంత నమిలినా ఆ పీచులు విడివిడి దారాలుగానే దిగుతాయి. ఇక ఆ నురగ, ఇరుక్కున్నదాన్ని జార్చడానికి ఊరిన లాలాజలం, జిగురు. కిందికి దారి లేక పైకి వస్తుంది.

వడ్డించే ముందు ఒక పరీక్ష చేయండి. చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. పొడిగా రాలినా, దారాలుగా సాగినా ఇంకా పనికిరాదు. వేళ్లకు తడిగా పూసుకుంటే తినొచ్చు.

గుడ్డుతో మొదలుపెట్టడం తేలిక. చెంచాడు పాలు కలిపి గిలక్కొట్టి, సన్నని మంట మీద కలుపుతూ, ఇంకా మెరుస్తూ ఉండగానే దించేయాలి. మెరుపు పోయేదాకా ఉంచితే రబ్బరే. ఆ తర్వాత ముళ్లు తీసిన తెల్ల చేప, మూతపెట్టి ఆవిరి మీద ఉడికించింది. చికెన్ మూడోది. తొడ భాగాన్ని కైమాగా కొట్టించి, మునిగేంత నీళ్లలో సన్నని సెగ మీద ఉడికించి, ఆ నీళ్లు పారబోయకుండా అందులోనే మెదిపి, చెంచాడు పెరుగు కలపండి. కొత్త పదార్థం ఒక రోజుకు ఒకటే. రెండు కలిపి తింటే పడనిది ఏదో తెలియదు.

ఈసారి అలా ఇరుక్కుంటే నీళ్లు తాగి కిందికి తోయాలని చూడకండి. పైన కూడా నిండి వాంతి ఖాయమవుతుంది. తినడం ఆపి, నిటారుగా కూర్చుని, కాస్త అటూ ఇటూ నడవండి. ఆ రోజుకు ద్రవాలతో సరిపెట్టి, మర్నాడు గుజ్జుతో మళ్లీ మొదలుపెట్టండి.

ప్రశ్న: రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ తినాలన్నారు. పూటకు నాలుగైదు చెంచాలు పట్టడమే గగనం. ఇదెలా కుదురుతుంది?

పూటకు పావు కప్పు నుంచి అర కప్పు, అంటే 60 నుంచి 120 మిల్లీలీటర్లు పడుతుందనుకుని ఆరు పూటలకు సుమారుగా లెక్క వేద్దాం. ఒక గుడ్డుకు 6 గ్రాములు. నీళ్లు పూర్తిగా వడకట్టిన గట్టి పెరుగు 100 గ్రాములకు 9. వండిన చేప 60 గ్రాములకు 13. మెత్తగా ఉడికిన పప్పు 60 గ్రాములకు 5. వండిన చికెన్ కైమా 45 గ్రాములకు 12. 200 మిల్లీలీటర్ల పాలలో రెండు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి కలిపి కొద్దికొద్దిగా తాగితే 12. మొత్తం 57. మిగతాది చక్కెర లేని ప్రోటీన్ పౌడర్ పూడుస్తుంది.

పళ్లెంలో ముందు ప్రోటీన్, తర్వాత కూర, చోటు మిగిలితేనే అన్నం లాంటి పిండి పదార్థం. ఈ వరస తిరగబడితే 60 చేరుకోవడం కష్టం. ఒక్కరోజు 45 దగ్గర ఆగినా కంగారు లేదు, వారాల తరబడి ఆగితే మాత్రం కండ కరుగుతుంది. ఆపరేషన్ అయిన మూడు నాలుగు నెలలకు జుట్టు రాలడం చాలామందికి ఎలాగూ ఉంటుంది. ప్రోటీన్, ఐరన్ తక్కువైతే అది ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: మావారికి చికెన్ రెండు చెంచాలకే చాలంటున్నారు. అదే బిస్కెట్లు, మెదిపిన బంగాళాదుంప అయితే సుఖంగా దిగుతున్నాయి. దిగేవే పెట్టమంటారా? భోజనం మధ్యలో నీళ్లు కూడా అడుగుతున్నారు.

సుఖంగా దిగడమే అక్కడ చిక్కండీ. బిస్కెట్టు తడికి కరిగి జారిపోతుంది, కడుపులో నిలవదు, నిండిన భావన రాదు. గంటలో మళ్లీ ఆకలి. చికెన్ రెండు చెంచాలకే చాలనిపించిందంటే ఆపరేషన్ తన పని తాను చేస్తోందని. బంగాళాదుంప పూర్తిగా మానక్కర్లేదు, చేపో పప్పో తిన్న తర్వాత ఒక చెంచా చాలు.

నీళ్లు మాత్రం భోజనానికి 15 నిమిషాల ముందే ఆపి, తిన్న 30 నిమిషాల తర్వాత మొదలుపెట్టాలి. మధ్యలో తాగితే తిన్నది త్వరగా కొట్టుకుపోతుంది, లేదా బిగుతుగా ఉన్న కడుపులోంచి పొంగి బయటికొస్తుంది. మిగతా సమయమంతా గుక్కెడు గుక్కెడుగా రోజుకు లీటరున్నర తగ్గకుండా చూడండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే చాలడం లేదన్నమాట. గ్యాసు ఉన్న పానీయాలు వద్దు.

ఇంకొకటి గమనించండి. కడుపు నిండిందన్న కబురు ఆయనకు పాత పద్ధతిలో రాదు. చాలామందికి ఎక్కిళ్లుగానో, ముక్కు కారడంగానో, ఉన్నట్టుండి ఒక నిట్టూర్పుగానో వస్తుంది. అది కనిపించగానే చేతిలో చెంచా దింపేయాలి. తర్వాతి ముద్దే వాంతి తెస్తుంది. టీ చెంచాతో పెట్టండి, ప్రతి ముద్దా 20, 25 సార్లు నమలాలి, భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. అరగంట దాటితే పళ్లెం తీసేయండి. అలా ముందు పెట్టుకుని కూర్చుంటే గంటసేపు కొరుకుతూనే ఉంటారు.

ప్రశ్న: బరువు తగ్గడానికి కడుపు బైపాస్ ఆపరేషన్ అయింది. తీపి కలిపిన జావ తాగిన పావుగంటకు చెమటలు, గుండెదడ, విరేచనం. ఏమిటిది?

డంపింగ్ అంటారు. బైపాస్‌లో తిండి చిన్న సంచిలోంచి నేరుగా చిన్నపేగులోకి పోతుంది. చక్కెర ఒక్కసారిగా చేరితే పేగు ఒంట్లోంచి నీటిని లోపలికి లాగుతుంది, అందుకే ఆ దడ, విరేచనం. కాసేపు పడుకుంటే తగ్గుతుంది. ఇది కాక తిన్న ఒకటి నుంచి మూడు గంటలకు వణుకు, నీరసం వస్తే అది రక్తంలో చక్కెర పడిపోవడం. దాన్ని డాక్టరుకు విడిగా చెప్పాలి. జావలో తీపి మాని పాలపొడి కలుపుకోండి.

ప్రశ్న: కాల్షియం, ఐరన్ మాత్రలు ఒకేసారి వేసుకోవచ్చా?

వద్దు, రెండు గంటల ఎడం ఉండాలి. కాల్షియం పక్కన ఉంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు. కాల్షియం సిట్రేట్ రకాన్ని, ఒక్కోసారి 500 మిల్లీగ్రాములు దాటకుండా వేసుకోవాలి. నొప్పి మాత్రల విషయంలో ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోకండి. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు కుట్టు దగ్గర పుండు పడొచ్చు.

ప్రశ్న: బైపాస్ అయి ఆరు వారాలు. పోయిన వారం దిగిన చేప ఇప్పుడు దిగడం లేదు, గుజ్జు కూడా వెనక్కొస్తోంది. ఇంకొన్నాళ్లు ద్రవాల మీద ఉండి చూడనా?

చూడకండి. దిగుతున్నది దిగకుండా పోవడం, రోజురోజుకీ పలచనివే పట్టడం కుట్టు దగ్గర దారి సన్నబడిందనడానికి గుర్తు. ఈ ఆరేడు వారాల్లోనే తరచూ కనిపిస్తుంది. ఎండోస్కోపీ చేసి బెలూన్‌తో వెడల్పు చేస్తారు, మామూలుగా మళ్లీ కోయాల్సిన పని ఉండదు. వాంతులు ఆగకపోతే ఒంట్లో థయమిన్ అనే బి1 విటమిన్ కొద్ది వారాల్లోనే అడుగంటుతుంది. చూపు రెండుగా కనపడటం, నడకలో తూలడం, మతిమరుపు దానివే, నరాలకు శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టేముందు “నాకు కడుపు బైపాస్ అయింది, ఇన్నాళ్లుగా వాంతులు” అని మీరే చెప్పండి. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ముదురుతుంది. జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, నిమిషానికి 120 దాటిన నాడి, వీటిలో ఏదున్నా తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.