బాయ్‌కాట్: ఒక కౌలు ఏజెంటు ఇంటిపేరు

‘బాయ్‌కాట్ చేయడం’ అనే మాట ఎలా పుట్టింది, అందులో ‘బాయ్’ ఎవరు అని అడిగారు. అది ఒక మనిషి ఇంటిపేరు. చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్ ఐర్లాండ్‌లోని మాయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి కౌలు వసూలు చేసిపెట్టే ఏజెంటు.

1880లో కౌలు 25 శాతం తగ్గించమని రైతులు అడిగితే భూస్వామి 10 శాతానికి మించి ఒప్పుకోలేదు. బాయ్‌కాట్ ఇళ్లు, పొలాలు ఖాళీ చేయించే నోటీసులు పంపించాడు. కాస్త ముందే, సెప్టెంబర్ 19న ఎన్నిస్ అనే ఊరి సభలో ఐరిష్ నాయకుడు పార్నెల్ ఒక దారి చెప్పి ఉన్నాడు: రైతును వెళ్లగొట్టిన పొలాన్ని ఎవరైనా తీసుకుంటే వాళ్లమీద చేయి చేసుకోవద్దు, దారిలో, అంగట్లో, చర్చిలో ఎక్కడ ఎదురుపడినా పలకరించకండి. మాయో జనం దాన్నే ఏజెంటు మీద ప్రయోగించారు. పాలేళ్లు పని మానేశారు. బట్టలుతికే ఆవిడ రానంది. కమ్మరి గుర్రాలకు నాడాలు కొట్టనన్నాడు. పక్కనున్న బాలిన్‌రోబ్‌లో దుకాణాలవాళ్లు సరుకులివ్వలేదు. దుంపలు తవ్వడానికి బయటి కౌంటీల నుంచి 50 మందిని రప్పించి, సైన్యాన్ని కాపలా పెట్టారు. సుమారు 500 పౌండ్ల విలువైన పంటకు దాదాపు 10,000 పౌండ్లు ఖర్చయ్యాయని లెక్క. డిసెంబర్ మొదట్లో బాయ్‌కాట్ ఐర్లాండే వదిలి వెళ్లిపోయాడు. అప్పటికే అతని పేరు పత్రికల్లో క్రియగా వాడుకలోకి వచ్చేసింది.

మన పల్నాడులోనూ 1921 అటవీ సత్యాగ్రహం రోజుల్లో అధికారులకు జనం ఇలాగే సహాయ నిరాకరణ చేశారు.

ఈ కథ చదువుతుంటే నాకు మాత్రం మా ఊరి ‘వెలి’ గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు కూలి రేటు పెంచమన్నారని ఒక దళిత కుటుంబాన్ని ఊరి పెద్దలు వెలేశారు. కొట్లో అగ్గిపెట్టె కూడా ఇవ్వలేదు. ఆ ఇంటి అమ్మాయి నా క్లాసే. డబ్బులు నా చేతికిచ్చి, ‘నువ్వు కొనిపెట్టవా అక్కా’ అని తమ్ముడి చేత అడిగించేది. నేను కొనిచ్చేదాన్ని, మా నాన్న చూస్తాడేమోనని టెన్షన్ పడుతూనే. పైకి రెండూ ఒకటే పని: పలకరించరు, అమ్మరు, పనికి రారు. కానీ మాయోలో కౌలు రైతులు కలిసి తమ మీద పెత్తనం చేసేవాణ్ని కదిలించారు. మా ఊళ్లో పెత్తనమే కూలోళ్ల నోరు నొక్కింది. అందుకే ఈ మాట ఎక్కడ విన్నా, ఎవరు ఎవరిని బాయ్‌కాట్ చేస్తున్నారని ముందు చూస్తాను. షెడ్యూల్డ్ కులాలు, తెగలవాళ్లను అలా వెలివేయడం 2016 జనవరి నుంచి అట్రాసిటీ చట్టం కింద స్పష్టంగా నేరం. మీ ఊళ్లో అలా జరిగితే పోలీస్ స్టేషన్‌లో ఆ చట్టం కింద కేసు పెట్టవచ్చు.