ఫిట్స్ మాత్ర మొదలుపెట్టాక పాటలన్నీ అర శృతి కిందకి వినిపిస్తున్నాయి, నా చెవి పాడైందా డాక్టర్?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాను. చిన్నప్పట్నుంచీ బస్సు హారన్ విన్నా అది ఏ నోటో చెప్పేస్తా, పర్ఫెక్ట్ పిచ్ అంటారు కదా, అది ఉంది. నెల కింద ఫిట్స్ వస్తే డాక్టర్ గారు కార్బమజెపిన్ రాశారు. మూడో రోజు నుంచి ప్రతి పాటా అర శృతి దిగిపోయింది. మొన్న ప్రోగ్రాంలో కీబోర్డే తేడా చేసిందనుకుని అన్ని స్వరాల్నీ ఒకేసారి జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకటి పైకి పెట్టేశా, సింగర్ చూసిన చూపు ఇంకా గుర్తుంది. మాత్ర ఆపేయనా?

జవాబు: ఆపకండి. ముందు ఆ మాట చెప్పాకే మిగతాది. ఈ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ మళ్లీ వస్తాయి, ఒక్కోసారి ఆగకుండా వస్తాయి, అది ప్రాణానికే ముప్పు.

మీకు వినిపిస్తున్నది భ్రమ కాదు. కార్బమజెపిన్ వాడే కొంతమందికి స్వరాలు దాదాపు అర శృతి కిందకి వినిపిస్తాయని, ముఖ్యంగా జపాన్ డాక్టర్లు చాలా కేసులు రాశారు, అందులో ఎక్కువమంది మీలాంటి పర్ఫెక్ట్ పిచ్ వాళ్లే. అంటే 440 హెర్ట్జ్ 'ఎ' మోగితే మీకు 415 దగ్గరుండే 'జి షార్ప్'లా అనిపిస్తుందన్నమాట.

మరి ఇదే మాత్ర వేసుకునే మిగతావాళ్లు ఎందుకు చెప్పరు అంటే, వాళ్లకి తెలియదు కాబట్టి. మామూలు చెవి ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య దూరాన్నే పట్టుకుంటుంది, మన కర్ణాటక సంగీతంలో సా ఎక్కడ పెట్టుకుంటే మిగతావి అక్కణ్ణుంచి లెక్క వచ్చినట్టు, అన్నీ కలిసి ఒకేలా దిగితే తేడా ఏం కనిపిస్తుంది చెప్పండి. మీకలా కాదు, ఒక్కో స్వరానికీ మెదడులో పేరు రాసి ఉంటుంది, పక్కన వేరే స్వరంతో పోల్చుకునే పనే లేదు. దీనర్థం మీ చెవి మాకంటే గొప్పదని కాదండోయ్, లోపల నత్తగుల్లలా ఉండే కాక్లియా అందరిదీ ఒకటే, దాని మొదట్లో హెచ్చు స్వరాలు, చివర్లో మంద్రం. తేడా అంతా ఆ పేర్లు గుర్తుపెట్టుకోవడంలోనే, అదీ ఎక్కువగా ఆరేడేళ్ల లోపు సంగీతం మొదలుపెట్టినవాళ్లకే వస్తుంది. వయసు పైబడితే ఆ పేర్లు కూడా జరుగుతాయి, కాకపోతే పైకి, అంటే స్వరం ఉన్నదానికంటే హెచ్చుగా వినిపిస్తుంది. రష్యా పియానిస్ట్ రిక్టర్‌కి ముసలితనంలో అలాగే అయింది.

ఒక చిన్న టెస్ట్ చేయండి. ఇయర్‌ఫోన్‌లో ఒకే నోట్‌ని ఒక్కో చెవితో విడిగా వినండి. రెండు చెవుల్లోనూ ఒకేలా దిగితే మాత్ర వల్లే అనుకోవచ్చు. ఒక చెవిలోనే తేడా ఉన్నా, వినికిడి తగ్గినా, హోరు మోగినా మాత్రం ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి, అలాంటివాటికి మొదటి రోజుల్లో ఇచ్చే మందే పనిచేస్తుంది.

మీ డాక్టర్‌కి నేను కీబోర్డ్ వాయిస్తా, ఇది నా బతుకుతెరువు అని గట్టిగా చెప్పండి, చాలామంది ఇది సిల్లీగా ఉంటుందని చెప్పరు. లెవెటిరాసెటమ్ లాంటి వేరే ఫిట్స్ మందులు ఉన్నాయి, మీకు సరిపోతుందనుకుంటే ఆయనే మెల్లగా మారుస్తారు. కార్బమజెపిన్ ఆగాక స్వరాలు మామూలుగా కొద్ది రోజుల్లో తిరిగి వస్తాయి. ఈ మాత్ర వాడుతుండగా ఒంటి మీద దద్దుర్లు వస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు వెళ్లండి.

ఇంకోటి, పెళ్లి ప్రోగ్రాంలు అర్ధరాత్రి దాటతాయి కదా, నిద్ర లేకపోతే ఫిట్స్‌ని పిలిచినట్టే. ఈ రెండు మూడు నెలలు రాత్రి ప్రోగ్రాంలు తగ్గించుకోండి, పగలువి చేసినా చెవిని కాకుండా ట్యూనర్ యాప్‌ని నమ్మండి, ఆ ట్రాన్స్‌పోజ్ బటన్ జోలికి పోకండి.